పెద్ద బోరు తుపాకీ, సీసం లేని పెల్లెట్లు: ఎక్కడ తేడా కొడుతోంది?

ఇది బ్రిటన్ తీరప్రాంతాల్లో లైసెన్సుతో బాతుల్ని, పెద్దబాతుల్ని వేటాడేవాళ్ల కోసం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ వేట నేరం, కాబట్టి కొల్లేరు, పులికాట్ ఊసే వద్దు. ఇంగ్లండ్‌లో 1999 నుంచి ఈ పక్షుల మీద సీసం వాడకూడదు. బురదలో పడ్డ సీసం పెల్లెట్లను బాతులు గులకరాళ్లనుకుని మింగుతాయి, విషమెక్కి రోజుల తరబడి కుంగి చస్తాయి. నిషేధం సరైనదే. కానీ సీసానికి అలవాటుపడ్డ చేత్తోనే స్టీల్ వాడితే ఇబ్బందులు మొదలవుతాయి.

ఈకలు రాలుతున్నాయి, పక్షి మాత్రం ఎగిరిపోతోంది

ఎక్కువగా వినిపించే బాధ ఇదే, నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేదీ ఇదే, ఎందుకంటే ఆ పక్షి గాయంతో ఎక్కడో పడి చస్తుంది. సీసం సాంద్రత 11కి పైగా ఉంటే స్టీల్‌ది 7.8 దగ్గర, అందుకే అదే సైజు స్టీల్ పెల్లెట్ దూరం పోయేకొద్దీ త్వరగా వేగం కోల్పోయి లోతుగా దిగదు. రెండు సైజులు పెద్దది తీసుకోండి (అంకె చిన్నదైతే పెల్లెట్ పెద్దది, 1 కంటే బీబీ పెద్దది): సీసంలో 3 వాడేవాళ్లు స్టీల్‌లో 1, సీసంలో 1 వాడేవాళ్లు బీబీ. దానితోపాటు దూరం తగ్గించండి, పెద్ద బోరు (బోరు అంటే బారెల్ లోపలి వెడల్పు, అంకె తగ్గేకొద్దీ వెడల్పు ఎక్కువ) ఉంది కదా అని 60 గజాల మీద కాల్చొద్దు. 10 బోరులో ఎక్కువ పెల్లెట్లు పడతాయి, అంతేగానీ ఒక్కో పెల్లెట్‌కు అదనంగా బలమేమీ రాదు.

మధ్యలో గుత్తిగా, చుట్టూ ఖాళీగా పడుతోంది

స్టీల్ గట్టిది, బారెల్లో నలిగి ఆకారం మారదు, కాబట్టి సీసం కంటే దగ్గరదగ్గరగా వెళ్తుంది. చోక్ అంటే బారెల్ మూతి దగ్గరి ఇరుకు; క్వార్టర్, హాఫ్, ఫుల్ అని వరసగా బిగుతు పెరుగుతుంది. హాఫ్ చోక్‌లోనే చాలాసార్లు సీసం ఫుల్ చోక్‌లో ఇచ్చేంత పాటర్న్ (పెల్లెట్లు పరుచుకునే తీరు) వస్తుంది. క్వార్టర్‌తో మొదలుపెట్టి చూడండి. పెద్ద కాగితం కట్టి 40 గజాల నుంచి కాల్చి, పెల్లెట్లు దట్టంగా పడ్డచోట 30 అంగుళాల వృత్తం గీసి లెక్కపెట్టండి. ఒక్క కాగితం చూసి తేల్చేయకండి. చోక్ మీద చెక్కిన పేరును నమ్మేకన్నా బారెల్ లోపలి వ్యాసం నుంచి మూతి వ్యాసం తీసేస్తే వచ్చే తేడా కొలిపించుకోవడం మేలు, ఎందుకంటే ఒకే పేరున్న చోక్ బిగింపు ఒక్కో 10 బోరులో ఒక్కోలా ఉంటుంది.

మూతి దగ్గర బారెల్ ఉబ్బింది

వెంటనే ఆపేయండి. బిగుతు చోక్‌లోంచి పెద్ద స్టీల్ పెల్లెట్లను తోస్తే అవి నలగవు, ఆ ఒత్తిడంతా లోహం మీద పడుతుంది. బీబీ అంటే 4.1 మి.మీ., 4 మి.మీ. దాటిందంటే హాఫ్ చోక్‌కి మించకూడదు, తుపాకీ మీద స్టీల్ ప్రూఫ్ గుర్తు (స్టీల్ ఒత్తిడికి పరీక్షించారనే ముద్ర), అంటే ఫ్లర్ డి లీ పువ్వు, ఉండాలి. ఉబ్బిన బారెల్‌ని గన్‌స్మిత్ చూసేదాకా వాడొద్దు.

తాతల నాటి 8 బోరు, ఏం వేయాలి?

స్టీల్ వద్దు. సీసానికి దగ్గరగా మెత్తగా ఉండే బిస్మత్ అనే లోహం, లేదా టంగ్‌స్టన్ మాట్రిక్స్ (టంగ్‌స్టన్ పొడిని ప్లాస్టిక్‌లో కలిపి చేసిన పెల్లెట్లు). ముందు ప్రూఫ్ గుర్తులు చూపించి, ఆ తుపాకీ తట్టుకునే ఒత్తిడి లోపలే ఉండే లోడ్ (కార్ట్రిడ్జ్‌లో నింపిన మందు, పెల్లెట్లు) ఎంచుకోండి. పాత 10 బోరుల్లో చాలావాటికి చాంబర్ (కార్ట్రిడ్జ్ కూర్చునే చోటు) 2⅞ అంగుళాలే. 3½ అంగుళాల కార్ట్రిడ్జ్ అందులో పట్టేసినట్టు కనిపించినా, పేలినప్పుడు దాని మూతి మడత విప్పుకునే చోటు లేక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. చాంబర్ పొడవు కొలిపించకుండా ఒక్కటి కూడా పెట్టొద్దు.

బిస్మత్‌తో పాటర్న్‌లో చిల్లులు

బిస్మత్ కాస్త పెళుసు. కాగితం మీద మామూలు రంధ్రాల పక్కన సన్నటి గీతలు, చుక్కలు కనిపిస్తే పెల్లెట్లు విరుగుతున్నాయని అర్థం. ఒక మెట్టు తెరిచిన చోక్, కొంచెం తక్కువ వేగం లోడ్ వేసి చూడండి.

కార్ట్రిడ్జ్ ఊపితే చప్పుడు లేదు

ఉప్పు నీళ్లలో తడిసి ఆరిన పాత స్టీల్ కార్ట్రిడ్జుల్లో ఇది జరుగుతుంది. లోపల తుప్పు పట్టి పెల్లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటే ముద్దలా బయటికొస్తాయి, చోక్‌కీ ప్రమాదం, ఎదురుగా ఉన్నవాళ్లకీ ప్రమాదం. కొత్తవాటిలోనూ కొన్ని గట్టిగా కూరి ఉండటంతో చప్పుడు చేయవు కాబట్టి ఇదొక్కటే పరీక్ష అనుకోవద్దు. ఇత్తడి అడుగున పచ్చ మరక, మడత దగ్గర తుప్పు రంగు చూడండి. ఏ మాత్రం అనుమానమున్నా అది కాల్చకండి, గన్‌షాపులో అప్పజెప్పండి.