రాయలసీమ నుంచి అమెరికాకు కొత్తగా వచ్చినవారికి: షాట్‌గన్ కొనే ముందు తెలుసుకోవలసినవి

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి అమెరికాకు వచ్చి కాస్త స్థిరపడ్డాక, ఇంటి రక్షణ కోసమో, గాలిలో ఎగిరే మట్టి బిళ్లలను కాల్చే క్లే షూటింగు పోటీల మీద ఇష్టంతోనో, ఒకే తూటాలో అనేక గుళ్లుండే షాట్‌గన్ కొనాలని ఆలోచించేవారు మనలో ఉన్నారు. మన జిల్లాల్లో తుపాకి కావాలంటే కలెక్టరు కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవాలి, పోలీసు విచారణ పూర్తి కావాలి, లైసెన్సు చేతికి వచ్చిన తరువాతే దుకాణం మెట్లెక్కాలి. ఎన్నికలు వచ్చాయంటే దాన్ని స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకోవడమూ మామూలే. ఇక్కడ టెక్సాసు వంటి రాష్ట్రాల్లో ముందస్తు లైసెన్సు ఏదీ లేకుండానే క్రీడాసామగ్రి దుకాణంలో షాట్‌గన్ అమ్ముతారు. అమ్మకానికి పెట్టారు కదా, మనమూ కొనవచ్చుననుకునే పొరపాటు వీసాకే ముప్పు తెస్తుంది కనుక చట్టం సంగతి ముందు చూద్దాం.

హెచ్1బీ, ఎల్1, ఎఫ్1, హెచ్4 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకిని గానీ తూటాలను గానీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. స్నేహితులతో కాల్పుల సాధన చేసే రేంజికి వెళ్లి అద్దె తుపాకి కాల్చినా అదే నిషేధం వర్తిస్తుంది. మనవంటివారికి పనికివచ్చే ముఖ్యమైన మినహాయింపు, ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. ఇది విని వెంటనే లైసెన్సు తీసుకునేవారు దాని గడువును మరచిపోతారు. టెక్సాసులో ఏడాది వేట లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది, మరుసటి రోజు నుంచి అల్మారాలోని తుపాకి మీకు రక్షణ కాదు, మీ మీద సాక్ష్యం. అందుకే తాత్కాలిక వీసాపై ఉన్నంతకాలం కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం. తప్పదనుకుంటే ఇమ్మిగ్రేషన్ లాయరును ముందుగా అడగండి.

గ్రీన్ కార్డు ఉన్నవారు కొనవచ్చు. లైసెన్సు పొందిన డీలరు వద్ద 4473 అనే ఫారం నింపాలి, అందులో పౌరసత్వం, ఏలియన్ నంబరు అడుగుతారు, ఆపైన నేరచరిత్ర తనిఖీ జరుగుతుంది. తొందరలో అమెరికా పౌరులమని గుర్తు పెట్టడం జీవితకాలం వెంటాడే తప్పు. డబ్బు మీరిచ్చి, గ్రీన్ కార్డున్న బావగారి పేరు మీద కొనిపించుకోవడం మీ ఇద్దరికీ ఫెడరల్ కేసు. న్యూజెర్సీలో కొనుగోలుదారు గుర్తింపు కార్డు, ఇల్లినాయిలో తుపాకి యజమాని గుర్తింపు కార్డైన ఫాయిడ్ కార్డు ముందుగా తీసుకోవాలి. కాలిఫోర్నియాలో పది రోజులు వేచి ఉండాలి. గ్రీన్ కార్డున్నా తుపాకి నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించివేయగలరు. ఇంకొక సంగతి, మీకు అర్హత ఉన్నా ఇంట్లో హెచ్4పై ఉన్న జీవిత భాగస్వామికి, మనవళ్లను చూడవచ్చిన అమ్మానాన్నలకు ఆ అర్హత ఉండకపోవచ్చు. కాబట్టి సేఫ్ తాళంచెవి గానీ నంబరు గానీ వారికి అందకూడదు.

ఇక ఇంటి రక్షణ. మనవైపు గోడ అంటే రాయి లేదా ఇటుక, పాత ఊళ్లలోనైతే మూరెడు మందపు మట్టిమిద్దె గోడ. ఇక్కడ రెండు గదుల మధ్య గోడ అంటే చాలా ఇళ్లలో చెక్క చట్రానికి రెండువైపులా కొట్టిన అరంగుళం జిప్సం పలక మాత్రమే. డబుల్ ఆట్ బక్‌షాట్ తూటాలో సాధారణంగా ఎనిమిది లేదా తొమ్మిది సీసపు గుళ్లుంటాయి, ఒక్కొక్కటి దాదాపు 8.4 మిల్లీమీటర్లు, గురి తప్పినవి అటువంటి గోడలను ఒకదాని తరువాత ఒకటి దాటుకుపోతాయి. పిట్టలకూ క్లేలకూ వాడే చిన్న గుళ్లు అంతగా దాటవు గానీ మనిషిని ఆపుతాయన్న నమ్మకమూ లేదు. అందువల్ల తుపాకి ఎంచుకోవడానికి ముందే, పడకగది తలుపు దగ్గర నిలబడితే ఏ దిక్కున పిల్లలు నిద్రపోతారు, ఏ గోడకు అవతల పొరుగువారుంటారు అన్నది ఆలోచించి పెట్టుకోవాలి. అటువంటి దిక్కులే ఎక్కువగా ఉన్న అపార్ట్‌మెంటులో మంచి తలుపు గడియకు, అలారానికి, 911 ఫోనుకు మించినది షాట్‌గన్ కాదని నేను నిస్సందేహంగా చెబుతాను.

షాట్‌గన్‌కు గురి అక్కర్లేదన్న మాట నమ్మకండి. ఒక గది దూరంలో గుళ్లు విచ్చుకునేది అరచేయంత మేరకే. మీ ఇంట్లో అన్నిటికంటే పొడవైన దూరం ఎంతో కొలిచి, రేంజిలో అంతే దూరం నుంచి కాగితంపై, మీరు ఇంట్లో ఉంచబోయే తూటానే కాల్చి చూడండి.

మన ఊళ్లో పన్నెండు బోరు అనేదే ఇక్కడ 12 గేజ్. 20 గేజ్ గొట్టం అంతకంటే సన్నం, సాధారణంగా భుజానికి తగిలే దెబ్బ తక్కువ. మొదటిసారి పట్టేవారికి నేను దాన్నే సూచిస్తాను. ముందు పట్టును చేత్తో వెనక్కు లాగి ముందుకు తోస్తే తరువాతి తూటా ఎక్కే పంపు రకంలో మాస్‌బర్గ్ 500కి, 1950 నుంచి ఉన్న రెమింగ్టన్ 870కి విడిభాగాలు సులువుగా దొరుకుతాయి. మాస్‌బర్గ్‌లో సేఫ్టీ మీట పైన, బొటనవేలికి అందేచోట ఉంటుంది, ఎడమచేతివాటం వారికి అది అనుకూలం. పంపును భయంతో సగం లాగి వదిలితే తూటా ఇరుక్కుంటుంది, సాధన తప్ప దానికి మందు లేదు. బెరెట్టా 1301, బెనెల్లి ఎం4 వంటి, తరువాతి తూటాను తామే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్‌లకు ఆ బెడద లేదు గానీ ధర బాగా ఎక్కువ, బలం తక్కువ తూటాలతో కొన్ని మొరాయిస్తాయి. ఏది కొన్నా, ఎంచుకున్న తూటాలు ఒక్కటీ ఇరుక్కోకుండా పేలేదాకా దాన్ని ఇంటి రక్షణకు నమ్మవద్దు.

మార్పుల విషయానికి వస్తే, మొదట కొలత. కంపెనీ నుంచి వచ్చే స్టాక్‌లో, అంటే భుజానికి ఆనించే వెనుక భాగంలో, ట్రిగ్గర్ నుంచి వెనుక చివరి వరకు సాధారణంగా 14 అంగుళాల పైచిలుకు ఉంటుంది. మనలో చాలామందికి, ముఖ్యంగా ఆడవారికి, అది పొడవు. భుజానికి ఆనించి చెంప పెట్టినప్పుడు ముక్కుకూ ట్రిగ్గర్ చేతి బొటనవేలికీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. పొట్టి స్టాక్ గానీ పొడవు సరిచేసుకోగల మాగ్‌పుల్ స్టాక్ గానీ వేయించి, భుజానికి తగిలే దెబ్బను తగ్గించే మెత్తటి రీకాయిల్ ప్యాడ్ అమర్చండి. చీకట్లో ఎదురుగా ఉన్నది దొంగో, నీళ్లకు లేచిన నాన్నగారో తెలియాలి కనుక మంచి లైటు తప్పనిసరి. భుజానికి తగిలించుకునేందుకు తుపాకికి ఒక పట్టీ వేస్తే సరిపోతుంది. తక్కిన అలంకారాలు బరువు తప్ప మరేమీ కావు. గొట్టం మాత్రం కోయించకండి: 1934 నాటి చట్టం ప్రకారం గొట్టం 18 అంగుళాలకు, మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గితే రిజిస్ట్రేషను లేకుండా ఉంచుకోవడం పెద్ద నేరం.

పోటీలకు కావలసినది వేరు. ట్రాప్, స్కీట్ ఆటల్లో ఒక రౌండుకు 25 క్లేలు; ఎగిరే క్లేను వెంబడించడానికి 28 నుంచి 32 అంగుళాల గొట్టం, గొట్టం చివర ఉండి గుళ్లు విచ్చుకునే మేరను అదుపు చేసే, దూరాన్ని బట్టి మార్చుకునే చోక్‌లు కావాలి. ట్రాప్‌లో క్లే దూరమవుతూ పోతుంది కనుక బిగువైన చోక్, స్కీట్‌కు వదులైనది. అనుభవజ్ఞులు రెండు గొట్టాలు ఒకదానిపై ఒకటి ఉండే బ్రౌనింగ్ సిటోరి వంటివి వాడతారు. కొత్తవారు అంత ఖర్చు పెట్టనక్కరలేదు. 870కి, 500కి గొట్టం ఇంట్లోనే మార్చుకోవచ్చు కాబట్టి పొడవుది ఒకటి, పొట్టిది ఒకటి ఉంటే రెండు పనులూ జరుగుతాయి. మన హైదరాబాదు షూటరు కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ట్రాప్ జట్టు స్వర్ణంతోపాటు వ్యక్తిగత కాంస్యం గెలిచిన తరువాత ఈ ఆటపై మన పిల్లలకూ ఆసక్తి పెరిగితే సంతోషమే. క్లబ్బు శిక్షకుడి దగ్గర మొదలుపెట్టించండి. చెవులకు, కళ్లకు రక్షణ లేకుండా రేంజిలో అడుగుపెట్టవద్దు, సీసం అంటిన చేతులు కడగకుండా ఏమీ తినవద్దు.

రేంజికి తీసుకువెళ్లే సంచిని ఆ పనికే ఉంచండి. అదే సంచితో బెంగళూరులోనో హైదరాబాదులోనో దిగినప్పుడు అడుగున మరచిపోయిన ఒక్క తూటా దొరికినా, 1959 నాటి ఆయుధ చట్టం కింద కేసు పెట్టగలరు. ఊరికి బయలుదేరే ముందు కోటు జేబులు, పెట్టె మడతలు కూడా తడిమి చూసుకోండి.