రెండు చిప్పుల మధ్య గట్టు విరగకుండా ఉండాలంటే

పర్లాకిమిడిలో ఆదివారాలు మా వీధి పిల్లలకి చిప్ కార్వింగ్ (చెక్క మీద కత్తితో చిప్పులు, అంటే చిన్న తునకలు, కోసి తీస్తూ నగిషీ చెక్కడం) నేర్పుతుంటాను. దాదాపు అందరికీ ఒకే చోట పని చెడుతుంది. పక్కపక్కనే రెండు త్రికోణాలు తీసేటప్పుడు మధ్యలో మిగలాల్సిన సన్నని గట్టు టప్పున లేచిపోతుంది.

చాలాసార్లు తప్పు చేతిది కాదు, కోతల వరసది. ముందే తీసేసిన గుంటకి ఆనుకుని ఉన్న గీత మీద మొదటి కోత పెట్టండి. మిగిలిన రెండూ ఆ తర్వాతే. అప్పుడు అవతలి వైపు నుంచి కత్తి నెట్టే ఒత్తిడి ఆ కోత దగ్గరే ఆగిపోతుంది, గట్టు దాకా పోదు.

కత్తిని చెక్క పైభాగంతో సుమారు 65 డిగ్రీల వాలులో పట్టుకుని బొటనవేలిని చెక్కకి ఆనించే ఉంచండి. వేలు గాల్లోకి లేచిందంటే కోణం మారినట్టే. మూడు కోతలూ అడుగున ఒకే చోట కలిస్తే చిప్పు దానంతటదే ఊడి వస్తుంది. రాకపోతే మొనతో పెకలించకండి, అదే గీత మీద మళ్ళీ కోయండి.

విదేశాల్లో దీనికి బాస్‌వుడ్ అనే మెత్తని చెక్క వాడతారు. మాకు గుమ్మడి టేకు (ఒడియా వాళ్ళు గంభారి అంటారు) చక్కగా సరిపోయింది. వడ్రంగి దగ్గర తునకలు అడిగితే చాలు. అసలు టేకుతో మాత్రం మొదలుపెట్టొద్దు, కొత్త చేతికి చాలా గట్టి.

సాధనకి కంపాస్‌తో గీసిన ఆరు రేకుల పువ్వు మంచిది. మధ్యమధ్యలో కత్తిని తోలు ముక్క మీద, పదును అంచు వెనక ఉండేలా, నాలుగైదుసార్లు లాగండి.