కయాక్‌కి ఫిష్ ఫైండర్ బిగించుకుందాం – మూడో పాఠం: ట్రాన్స్‌డ్యూసర్‌కి చోటు

ఫిష్ ఫైండర్ అంటే నీళ్ల లోతునీ, కింద ఉన్న చేపల్నీ స్క్రీన్ మీద చూపించే పరికరం. పోయిన పాఠంలో దాని బ్యాటరీ దగ్గర ఆగాం. ప్లస్ వైరుకి, బ్యాటరీకి ఆనుకునే 3 ఆంపుల ఫ్యూజు పెట్టారు కదా? పెట్టకపోతే ఇది పక్కన పెట్టేసి ముందు ఆ పని చేసి రండి, ఉప్పునీళ్లలో తిరిగే పడవలో ఫ్యూజు లేని వైరు ఉండకూడదు.

ఈరోజు ట్రాన్స్‌డ్యూసర్, అంటే నీళ్లలోకి శబ్దం పంపి, తగిలి తిరిగొచ్చేదాన్ని వినే ముక్క. అరచేతిలో పట్టే ఆ నల్లటి ముక్కే అసలు పని చేసేది, స్క్రీన్ అది చెప్పింది చూపిస్తుందంతే. మన ఇచ్ఛాపురం, దొంకూరు వైపు పాతవాళ్లు తాడుకి సీసం గుండు కట్టి దింపి, అడుగు తగలగానే పైకి లాగుతూ బారలు లెక్కపెట్టేవాళ్లు. ఇదీ అదే లెక్క, కాకపోతే తాడుకి బదులు శబ్దం. సముద్రపు నీళ్లలో శబ్దం సెకనుకి దాదాపు 1500 మీటర్లు పోతుంది. 15 మీటర్ల లోతుంటే పోయి రావడానికి 30 మీటర్లు, అంటే 20 మిల్లీసెకన్లు. ఆ కాస్త వ్యవధిని కొలిచి లోతు చెబుతుంది.

ఎంత వెడల్పు చూస్తుందనేది ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. మామూలుగా 200 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దం విచ్చుకునే కోణం 20 డిగ్రీలు, అంటే 9 మీటర్ల లోతులో మీ కింద సుమారు 3 మీటర్ల వెడల్పు వలయం మాత్రమే కనిపిస్తుంది. పక్కన గుంపుగా పోతున్న చేప దానికి తెలియదు. 83 కిలోహెర్ట్జ్ దగ్గర కోణం పెద్దది, కానీ వివరం తగ్గుతుంది. బాహుదా నది సముద్రంలో కలిసే మొగలాంటి తక్కువ లోతు నీళ్లలో నేను 200 మీదే ఉంచుతాను.

ఇక బిగించడం. పక్కన చెయ్యిలా కర్ర పెట్టి నీళ్లలోకి దించే పద్ధతి ఉంది, తేలికే, కానీ మన దగ్గర ఒడ్డున అలలు దాటుకుని పోవాలి, ఇసుక మీద ఈడ్చుకు రావాలి, ఆ కర్ర ఎక్కడో ఒకచోట తగిలి విరుగుతుంది. అందుకే పడవ లోపలే, అడుగున పెట్టమంటాను. మన కయాక్‌లు ఎక్కువగా పాలిథిలీన్‌వి, దాని సాంద్రత నీటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి శబ్దం అందులోంచి బాగానే దాటుతుంది. గాలి నింపే కయాక్ అయినా, ఫోమ్ పొర మధ్యలో ఉన్న ఫైబర్ అయినా ఇది పనికిరాదు. సైడ్ ఇమేజింగ్, అంటే పడవకి రెండు పక్కలా చూపించే సదుపాయం, ఉన్న యూనిట్ కూడా లోపలి నుంచి పని చేయదు. ఇంకొకటి, నీటి ఉష్ణోగ్రత సరిగ్గా చూపించదు, అది పడవ లోపలి వేడిని చదువుతుంది.

శబ్దం దాటనిది గాలి. నీళ్లలోంచి వచ్చిన శబ్దం గాలి తగిలిన చోట దాదాపు మొత్తం వెనక్కి తిరిగిపోతుంది, కాబట్టి ట్రాన్స్‌డ్యూసర్‌కీ పడవ అడుగుకీ మధ్య బుడగ ఉండకూడదు. మొదటిసారి నేను జిగురు ముద్దలా పెట్టి నొక్కేశాను. మర్నాడు తెల్లవారుజామున మొగ దాటాక లోతు అంకె వస్తూ పోతూ మినుకుమంటుంది, చేతిలో ఉన్నదేమో రోజంతా కష్టపడి బిగించిన యూనిట్. ఇంటికొచ్చి పీకి చూస్తే జిగురు మధ్యలో పెసరగింజలంత బుడగలు గుత్తిగా ఉన్నాయి. అప్పటినుంచి నేరుగా అతికించడం మానేశాను.

నీళ్ల గూడు కడదాం, అంటే ఫోమ్ రింగ్‌లో నీళ్లు పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ని అందులో కూర్చోబెడతాం, మధ్యలో గాలికి చోటుండదు. చెప్పుల అడుగుకి వాడే మందపాటి ఫోమ్ షీటు బరంపురంలోనో, మీ దగ్గరి ఊళ్లోనో దొరుకుతుంది. 3-4 సెంటీమీటర్ల మందం వచ్చేలా రెండు మూడు పొరలు అతికించి, ట్రాన్స్‌డ్యూసర్‌ని దాని మీద పెట్టి గీసి, గీతకి అర మిల్లీమీటరు లోపలగా కోయండి, నొక్కితే బిగుతుగా కూర్చోవాలి. పడవ లోపల చదునుగా, గాట్లు లేని చోట, సీటు దగ్గర్లో, మూత తెరిస్తే చెయ్యి అందేచోట ఎంచుకోండి. బయటివైపు కూడా ఆ చోట గీరలు, అంచులు లేకుండా చూసుకోండి, అవి ఉంటే పడవ కదిలినప్పుడు కింద బుడగలు పుడతాయి. మీరు కూర్చుంటే వెనక భాగం కొంచెం దిగుతుంది, ట్రాన్స్‌డ్యూసర్ ముఖం అప్పుడు నేరుగా కిందికి చూడాలి.

అతికించక ముందే నీళ్ల మీద పరీక్ష చేయండి. ఇంటి దగ్గర నేల మీద చేస్తే ఏమీ తేలదు, అడుగు కింద గాలే ఉంటుంది. కనీసం రెండు బారల లోతున్న చోట, అలల్లేని నీళ్లలో, ముందు ట్రాన్స్‌డ్యూసర్‌ని పక్కనుంచి నీళ్లలో దించి లోతు రాసుకోండి. తర్వాత పడవ లోపల ఎంచుకున్న చోట గ్లాసెడు నీళ్లు పోసి, అందులో పెట్టి చూడండి. రెండు అంకెలూ దగ్గరగా ఉండి, అడుగు గీత తెగకుండా వస్తే ఆ చోటు మంచిదే. అడుగు గీత తెగిపోయి చెదిరిన గీతలు మాత్రమే వస్తే నాలుగు వేళ్లు ముందుకో వెనక్కో జరిపి మళ్లీ చూడండి. ఓపిక పట్టండి, ఈ అరగంటే మిగతా పనంతటినీ కాపాడేది.

చోటు కుదిరాక ఫోమ్ కింద ప్లాస్టిక్‌ని 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, గూప్ (Goop) రకం, ఆరాక కూడా సాగే జిగురుతో ఫోమ్ రింగ్‌ని మాత్రమే అతికించండి. మామూలు సిలికాన్ ఈ ప్లాస్టిక్‌ని గట్టిగా పట్టుకోదు. ఒక రోజు ఆరనిచ్చి, నీళ్లు పోసి రాత్రంతా ఉంచి, కారుతుందేమో చూడండి. వేటకి పోయేటప్పుడు గూట్లో అరగ్లాసు నీళ్లు పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ని ఒక పక్క నుంచి వంచుతూ దించితే గాలి రెండో పక్కనుంచి బయటికి పోతుంది. ఎండకి నీళ్లు ఆవిరవుతాయి, కాబట్టి ప్రతిసారీ కొత్తగా పోయాల్సిందే.

మిగిలిన కేబుల్‌ని మాత్రం కత్తిరించకండి, వదులుగా చుట్టి కట్టి పెట్టండి. వచ్చే పాఠంలో దాన్ని డెక్ మీదికి తెస్తాం, డ్రిల్లు, కేబుల్ గ్లాండ్ (కేబుల్ దూరే రంధ్రంలోంచి నీళ్లు రాకుండా బిగించే ముక్క) సిద్ధంగా ఉంచుకోండి.