పాత పచింకో యంత్రం ఇంట్లో బాగుచేసుకోవడం: సమస్య - పరిష్కారం

పచింకో అంటే నిలువు పలక మీద కొట్టిన మేకుల మధ్యకు ఉక్కు గోలీలను ఎగరగొట్టి, అవి గూళ్లలో పడితే బహుమతిగా మరిన్ని గోలీలు గెలుచుకునే జపాను ఆట. పాత పచింకో యంత్రం ఇంటికి వచ్చిన రోజున సాధారణంగా నాలుగైదు లోపాలు ఒకేసారి బయటపడతాయి. మీట నొక్కితే గోలీ పైకి పోదు, పోయినది మేకుల మధ్య చిక్కుకుంటుంది, గూటిలో పడినా బహుమతి రాదు, దీపం వెలగదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు వెంటనే కటింగ్ ప్లేయరు తీసుకుని కంటికి వంకరగా కనిపించిన మేకులను సరిచేయడానికి పూనుకుంటారు. అది అన్నిటికన్నా చివర చేయవలసిన పని, చాలా యంత్రాలకు అసలు అవసరమే లేని పని. ముందుగా ఒక్క శుభ్రమైన గోలీని చేతిలోకి తీసుకుని, అది యంత్రంలో ప్రవేశించిన చోటు నుంచి బయటకు వచ్చే చోటు దాకా దాని దారిని కంటితో అనుసరించాలి. అది ఎక్కడ ఆగిందో అక్కడే లోపం ఉంటుంది. అక్కడ సరిచేసిన తరువాతే ముందుకు సాగాలి.

ఇక్కడ చెప్పేదంతా 1960, 70 దశకాలలో జపానులో తయారైన, చేత్తో మీట నొక్కి ఆడే యంత్రాల గురించి. నిషిజిన్, సాంక్యో, సాన్యో, హెయ్వా వంటి సంస్థలు వాటిని తయారుచేశాయి. పచింకో శాలలు కొత్త నమూనాల కోసం పాతవాటిని తరచుగా తీసివేసేవి. అలా తీసివేసినవి 1970 దశకంలో పెద్ద సంఖ్యలో అమెరికాకు ఎగుమతి అయ్యాయి. న్యూజెర్సీలో ఒక ఇంటి సామాను అమ్మకంలో నాకు దొరికిన నిషిజిన్ యంత్రం కూడా అలా వచ్చినదే. వేసవి సెలవుల్లో బగటెల్ బల్ల మీద ఆడుకున్నవారికి ఈ ఆట వెంటనే అర్థమవుతుంది. పచింకో పుట్టింది కూడా ఆ కుటుంబంలోనే. అక్కడ బల్ల పడుకుని ఉంటుంది, ఇక్కడ నిలబడి ఉంటుంది.

మరమ్మతుకు ముందు: యంత్రం ఎలా నిలబడి ఉంది?

గోలీ ఎప్పుడూ ఒకే పక్కకు పోతున్నా, మేకుల మీద అకారణంగా ఆగిపోతున్నా, గూళ్లలో అసలు పడకపోయినా, మొదటి అనుమానం యంత్రం నిలబడిన తీరు మీదే ఉండాలి. శాలల్లో ఈ యంత్రాలను నిట్టనిలువుగా కాక, పైభాగం కాస్త వెనక్కి వాలేలా బిగించేవారు. ఇంట్లో గోడకు ఆనించి పెడితే ఆ వాలు మరీ ఎక్కువవుతుంది, లేదా బల్ల మీద నిలబెడితే అసలు లేకుండా పోతుంది. పక్కలకు సమంగా ఉందో లేదో రసమట్టంతో చూడాలి. వాలును కొలవడానికి దారానికి బరువు కట్టి, యంత్రం పై అంచు నుంచి వెనుకవైపు వేలాడదీయాలి. దాదాపు 80 సెంటీమీటర్ల ఎత్తు ఉండే యంత్రానికి ఒక డిగ్రీ వాలు అంటే పై అంచు కింది అంచు కన్నా సుమారు 1.4 సెంటీమీటర్లు వెనక్కి ఉండటం. ఒకటి రెండు డిగ్రీల మధ్య నిలిపి, యంత్రం కదలకుండా చెక్క చట్రంలో బిగించిన తరువాతే ఇతర పరీక్షలు మొదలుపెట్టాలి. నేను ఈ పని చేయకముందు పాడైపోయాయని అనుకున్న మూడు మేకులు, చట్రంలో బిగించాక ఏ మరమ్మతూ లేకుండానే సక్రమంగా పనిచేశాయి.

గోలీలు తుప్పు పట్టి ఉన్నాయి, లేదా ఒకదానికొకటి అంటుకుంటున్నాయి

పచింకో గోలీ 11 మిల్లీమీటర్ల వ్యాసం గల ఉక్కు గోలీ. బరువు ఐదున్నర గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఈ చిన్న బరువే యంత్రంలోని తలుపులన్నిటినీ తెరిచే శక్తి. తుప్పు పట్టిన గోలీ సాఫీగా దొర్లదు, పైగా పలక మీది బొమ్మను గీకుతుంది. పైపైన తుప్పు ఉన్నవాటిని పొడి బియ్యంతో పాటు గట్టి గుడ్డ సంచిలో వేసి చాలాసేపు కుదిపితే మెరుపు వస్తుంది. గుంటలు పడినవాటిని మొహమాటం లేకుండా పక్కన పెట్టాలి. కుదిపిన తరువాత జల్లెడ పట్టి, ఒక్కో గుప్పెడు గోలీలను పొడిగుడ్డలో రుద్దడం మరవకూడదు. ఈ చివరి పనిని నేను తొందరలో వదిలేసినందుకు, రెండో రోజున మీట దగ్గర గోలీ పైకి రావడం ఆగిపోయింది. భాగాలన్నీ విప్పి చూస్తే, గోలీని అందించే చిన్న చేయి కీలులో ఒక నూక ఇరుక్కుని ఉంది. గుండుసూది మొనతో దానిని తీయగానే యంత్రం మళ్లీ నడిచింది.

గోలీలు ఒకదానికొకటి అంటుకుంటే కారణం అయస్కాంతం. నేల మీద పడిన గోలీలను ఏరడానికి ఎవరో అయస్కాంతం వాడి ఉంటారు. ఉక్కు కొంత అయస్కాంత శక్తిని నిలుపుకుంటుంది కాబట్టి అలాంటి గోలీలు కాలువల్లో జంటలుగా ఆగిపోతాయి. వాటిని వేరుచేసి, ఇకపై చేత్తోనే ఏరుకోవాలి.

మీట నొక్కినా గోలీ ముందుకు రావడం లేదు

మీటను కిందికి నొక్కినప్పుడు లోపలి చేయి ఒక్క గోలీని సుత్తి ముందుకు తెస్తుంది, వదిలినప్పుడు సుత్తి దానిని కొడుతుంది. గోలీయే రాకపోతే మొదట యంత్రం వెనుకనున్న తొట్టిలో గోలీలు ఉన్నాయో లేదో చూడాలి. బహుమతి ఇవ్వడానికి గోలీలు లేనప్పుడు ఆటను ఆపేసే అడ్డుకొక్కెం కొన్ని యంత్రాల్లో ఉంటుంది. దాన్ని లోపమని భ్రమపడి విప్పినవారు అనేకులు. జపాను శాలల్లో ఆ తొట్టి నిండుగా ఉండేలా సిబ్బంది యంత్రాల వెనుక నుంచి చూసుకునేవారు. ఇంట్లో ఆ పని మనదే.

తొట్టి నిండుగా ఉన్నా గోలీ రాకపోతే, పళ్లెం నుంచి మీట దాకా ఉన్న దారిలో మురికిని, ఆ తరువాత అందించే చేతి స్ప్రింగును పరీక్షించాలి. స్ప్రింగు కొక్కెం జారిపోయి ఉంటే తిరిగి తగిలిస్తే సరిపోతుంది.

గోలీ సగం ఎక్కి వెనక్కి వచ్చేస్తోంది

సుత్తి దెబ్బలో బలం లేకపోవడానికి మూడు కారణాలు ఉంటాయి. మొదటిది మీట ఇరుసు దగ్గర పాత నూనె గట్టిపడటం. గత యజమానులు సదుద్దేశంతోనే నూనె పోసి ఉంటారు గానీ, ఈ యంత్రం పొడిగా నడవడానికే రూపొందింది. నూనె దుమ్మును పట్టి కొన్నేళ్లకు జిగురవుతుంది. ఆ భాగాన్ని విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదితో లోహపు భాగాలను మాత్రమే తుడిచి, పూర్తిగా ఆరిన తరువాత బిగించాలి. మరీ అవసరమైతే ఇరుసుకు చిటికెడు గ్రాఫైట్ పొడి చాలు. రెండో కారణం గోలీ ఎక్కే వంపు పట్టీ మీద పేరుకున్న మైల. మెత్తని పొడిగుడ్డను వేలికి చుట్టి చివరిదాకా తుడవాలి. మూడోది స్ప్రింగు సాగిపోవడం. కొన్ని యంత్రాల్లో స్ప్రింగు చివరను మరో రంధ్రానికి మార్చుకునే వీలుంటుంది. ఆ వీలు లేకపోతే అదే పొడవు, అదే మందం ఉన్న కొత్త స్ప్రింగు వేయాలి. బలమైన స్ప్రింగు వేస్తే గోలీ ఎదుటి వైపు అడ్డును గట్టిగా గుద్ది పాత ప్లాస్టిక్కును పగలగొడుతుంది.

వంపు పట్టీ చివర ఒక పలుచని రేకు తలుపు ఉంటుంది. అది పైకి వెళ్లిన గోలీని వెనక్కి రానివ్వదు. అది వంగిపోయి పూర్తిగా మూసుకోకపోతే, దెబ్బ సరిగా పడినా గోలీ వెనక్కి దొర్లుతుంది. స్ప్రింగు మార్చే ముందు దీనిని చూడటం మంచిది.

గోలీ గూటిలో పడింది, గంట మోగలేదు, బహుమతి రాలేదు

యంత్రంలో అన్నిటికన్నా అందమైన భాగం ఇక్కడే ఉంది, ఎక్కువ ఓపిక కూడా ఇక్కడే కావాలి. గూటిలో పడిన గోలీ పలక వెనుకకు జారి, ప్లాస్టిక్ కాలువల గుండా కిందికి దిగి, ఒక చిన్న తక్కెడ మీద పడుతుంది. ఆ తక్కెడ మన ఊళ్లలోని ఏతాంలాగా పనిచేస్తుంది. ఒక చివర బరువు పడగానే రెండో చివర లేచి, దానికి తగిలించిన కడ్డీని లాగుతుంది. ఆ కడ్డీ బహుమతి గోలీలను పట్టి ఉంచిన తలుపును తెరుస్తుంది. లెక్కగా నిలిచి ఉన్న గోలీలన్నీ ముందు పళ్లెంలోకి దూకుతాయి. చాలా యంత్రాల్లో ఏ గూటిలో పడినా 15 గోలీలు వస్తాయి. ఆ గోలీలన్నీ వెళ్లిపోగానే ఎదురుబరువు తక్కెడను యథాస్థానానికి తెస్తుంది, గెలిచిన గోలీ కింది రంధ్రం గుండా వెళ్లిపోతుంది, పై నుంచి కొత్త గోలీలు దిగి నిండుతాయి. వీటిలో ఏ ఒక్కటి ఆలస్యమైనా మిగతావన్నీ ఆగిపోతాయి.

ముందుగా వెనుక తలుపు తెరిచి, గోలీని చేత్తో నేరుగా తక్కెడ మీద ఉంచాలి. అప్పుడు బహుమతి వస్తే లోపం తక్కెడలో కాదు, గూటికి, తక్కెడకు మధ్యనున్న కాలువలో ఉందని అర్థం. అక్కడ పాత కాగితపు ముక్కలు, పురుగుల గూళ్లు, విరిగిన ప్లాస్టిక్ అంచు కనిపిస్తాయి. నా యంత్రంలో కాలువ బయటికి శుభ్రంగానే కనిపించింది. గోరువెచ్చని సబ్బునీటిలో తడిపి పిండిన దూదిని లోపల ఒక్కసారి తిప్పితే, అది టీ డికాషన్ రంగులో బయటకు వచ్చింది. అది శాలలో ఏళ్ల తరబడి కాల్చిన సిగరెట్ల పొగ. ఆ పలుచని జిగట పూతే గోలీని తక్కెడ అంచు దగ్గర అరక్షణం పట్టి ఉంచుతోంది. విడదీయగలిగిన ప్లాస్టిక్ భాగాలను పాత్రలు కడిగే సబ్బుతో కడిగి, ఒక రాత్రంతా ఆరబెట్టి బిగించాక, ఆ దారిలో గోలీ మళ్లీ ఆగలేదు.

చేత్తో తక్కెడ మీద ఉంచినా బహుమతి రాకపోతే, తక్కెడ ఇరుసును, కడ్డీ వంపును పరిశీలించాలి. తక్కెడను వేలితో నొక్కి వదిలినప్పుడు అది తనంతట తాను పూర్తిగా వెనక్కి రావాలి. నెమ్మదిగా వస్తే ఇరుసు మురికిగా ఉన్నట్టు, మధ్యలో ఆగితే కడ్డీ ఎక్కడో రాసుకుంటున్నట్టు. కడ్డీని వంచవలసి వస్తే ముందుగా ఫోటో తీసి ఉంచుకోవాలి. అర మిల్లీమీటరు తేడా కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది.

15కు బదులు పది పన్నెండే వస్తే తలుపు త్వరగా మూసుకుంటోందని గాని, పై నుంచి గోలీలు పూర్తిగా దిగడం లేదని గాని గ్రహించాలి. ఆగకుండా వస్తుంటే తక్కెడ యథాస్థానానికి రాకుండా ఇరుక్కుంది. గంట ఒక్కటే మోగకపోతే, దాని సుత్తి తీగను గంటకు తగిలీ తగలనట్టుగా వంచితే చాలు.

తులిప్ తెరుచుకోవడం లేదు, లేదా మూసుకోవడం లేదు

1960 దశకంలో వ్యాపించిన ఈ పువ్వు ఆకారపు గూడు, ఒక గోలీ పడితే రేకలు విచ్చుకుని, మరో గోలీ పడితే ముడుచుకుంటుంది. విచ్చుకున్నప్పుడు గోలీకి దారి వెడల్పవుతుంది కాబట్టి ఆటగాడి ఆశంతా దాని మీదే. కొన్ని పలకల మీద ఒక గూడు మరో తులిప్‌ను వెనుక తీగ ద్వారా తెరుస్తుంది. అందువల్ల ఎదుట కనిపించే తులిప్‌లోనే లోపం ఉందని అనుకోకుండా, పలక వెనుక తీగ ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. తీగ కొక్కెం ఊడిపోవడమే సాధారణ కారణం. రేక కాడ విరిగితే రెండు భాగాల ఎపాక్సీతో అతికించవచ్చు. అయితే జిగురు కీలులోకి కారితే ఆ తులిప్ మరి తెరుచుకోదు. అందుకే అగ్గిపుల్ల చివరతో ఒక్క చుక్కే పెట్టాలి. అసిటోన్ గల ద్రావకాలను పలక దగ్గరికి కూడా రానివ్వకూడదు. బొమ్మ మీది పాత పారదర్శక పొర వాటికి కరిగిపోతుంది. ఆ పొర కింద ఉన్నది ప్లైవుడ్ కాబట్టి నీరు కూడా ప్రమాదమే. పలకను మెత్తని బ్రష్షుతో, పొడిగుడ్డతో మాత్రమే శుభ్రం చేయాలి.

దీపాలు వెలగడం లేదు

ఆటకు విద్యుత్తు అవసరం లేదు. దీపాలు బహుమతి వచ్చిందనీ, తొట్టి ఖాళీ అయిందనీ చెప్పడానికే. యంత్రం నుంచి రెండు తీగలు బయటకు వచ్చి ఉన్నంత మాత్రాన వాటికి ప్లగ్గు బిగించి గోడలోని సాకెట్‌లో పెట్టకూడదు. జపానులోనైనా ఆ బల్బులు తక్కువ వోల్టేజితోనే వెలిగేవి. మన 230 వోల్టులు గాని, అమెరికాలోని 120 వోల్టులు గాని తగిలితే ప్రాణాపాయం. బల్బును తీసి దాని మెడ మీద ముద్రించిన వోల్టేజి చదివి, అంతే ఇచ్చే బ్యాటరీ పెట్టెను గాని, నమ్మదగిన అడాప్టరును గాని వాడాలి. బల్బు మంచిదే అయినా వెలగకపోతే రాగి రేకుల స్విచ్చు మధ్య తెల్లకాగితం ముక్క పెట్టి, రేకులను మెల్లగా నొక్కి లాగితే మసి కాగితానికి అంటుకుని వస్తుంది. ఆకురాయితో రుద్దవద్దు.

చివరగా మేకులు

పైవన్నీ సరిచేసిన తరువాత కూడా గోలీ ఎప్పుడూ అదే చోట ఆగుతుంటే, అప్పుడు మేకును అనుమానించాలి. జపాను శాలల్లో మేకులు సరిచేసే పనికి ప్రత్యేక నిపుణులు ఉండేవారు. వారిని కుగిషి అంటారు. కుగి అంటే మేకు. చిన్న సుత్తి, వేర్వేరు కొలతల గోలీలు చివర బిగించిన కొలత కడ్డీలు వారి పనిముట్లు. ఒక గూటి పైనున్న రెండు మేకుల మధ్య దూరం వెంట్రుకవాసి మారితే ఆ యంత్రం ఇచ్చే బహుమతి మారిపోతుంది. మేకులన్నీ చివర కొంచెం పైకి వాలి ఉండటం లోపం కాదు, అలాగే కొట్టారు. కాబట్టి వాటిని పలకకు లంబంగా సరిచేయకూడదు.

వంగిన మేకును పక్కనున్న మేకుల వాలుతో పోల్చి చూసి, దాని మీద సరిగ్గా పట్టే సన్నని ఇత్తడి గొట్టాన్ని తొడిగి, కంటికి ఆననంత మాత్రమే వంచాలి. కటింగ్ ప్లేయరుతో పట్టుకుంటే ఇత్తడి మీద గాట్లు పడి గోలీ అక్కడ తట్టుకుంటుంది. ఒక్కసారి వంచాక ఇరవై గోలీలు కొట్టి, ఎన్ని అక్కడ ఆగాయో, ఎన్ని పక్కకు జారాయో నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఒక్కటి కూడా ఆగకపోతే ఆ మేకును అక్కడితో వదిలేసి అద్దం మూసేయవచ్చు.