కలశంలో నీళ్లే ప్రధానం: పెట్టడం, ఉద్వాసన చెప్పడం

వ్రతం రోజు అందరి చూపూ ప్రధాన కలశానికి పెట్టిన కొబ్బరికాయ మీద, రవికగుడ్డ మీద ఉంటుంది. పక్కనే పూజ నీళ్లతో ఉన్న చిన్న పంచపాత్రను ఎవరూ పట్టించుకోరు. పాద్యం (దేవుడి కాళ్లకు నీళ్లు), అర్ఘ్యం (చేతులకు నీళ్లు), స్నానం అన్నీ ఆ నీళ్లతోనే జరుగుతాయి. నదులను పిలిచేది కూడా అందులోకే. అందుకే ప్రధాన కలశానికీ కలశారాధన చేసే ఈ పాత్రకూ ఉన్న తేడా ముందుగా తెలుసుకోవాలి.

రెండింటికీ మనం తాగే నీళ్లే వాడాలి. నోట్లో పోసుకోలేని నీళ్లు దేవుడికి పనికిరావు. ఆ పూట పట్టినవే తీసుకోవాలి. నిల్వ ఉన్నా దోషం లేనిది గంగాజలానికి మాత్రమే.

మొదట ప్రధాన కలశం. లీటరు పట్టే రాగి, ఇత్తడి లేదా వెండి చెంబు తీసుకోండి. పీచు తీసి పిలక ఉంచిన కొబ్బరికాయను ఖాళీ చెంబు మీద నిలబెట్టి చూడండి. మూతి వెడల్పయితే కాయ లోపలికి జారి, నీళ్లు పొర్లి, కింద బియ్యం తడుస్తుంది. ఇరుకైతే కాయ ఒరిగిపోతుంది. మూతి 3 అంగుళాల దగ్గర ఉంటే మామూలు కాయకు సరిపోతుంది. చెంబును చింతపండుతో తోమాక పులుపు పోయేదాకా కడగాలి, లేదంటే రాగి నీళ్లలోకి దిగుతుంది.

పళ్లెంలో కిలోంబావు బియ్యం పోసి, మధ్యలో కాస్త గుంట చేసి చెంబును కుదురుగా ఉంచండి. నీళ్లు ముప్పావు వంతు చాలు. పసుపు, కుంకుమ చిటికెడు చొప్పున, కొన్ని అక్షతలు, ఒక నాణెం వేయండి. 5 మామిడాకులను తొడిమలు నీటిలో మునిగేలా, కొనలు బయటికి వచ్చేలా అమర్చి, పిలక పైకి ఉండేలా కాయ పెట్టండి. నవరాత్రులకు 9 రోజులు ఉంచేటప్పుడు లోపల పూలు, పాలు వేయకండి. మూడో రోజుకే నీళ్లు వాసన వస్తాయి.

ఇక కలశారాధన. పంచపాత్రకు గంధం, కుంకుమ పెట్టి, లోపల ఒక పువ్వు, అక్షతలు వేసి, కుడిచేతితో పైన మూసి "కలశస్య ముఖే విష్ణుః" శ్లోకం చదవాలి. మూతిలో విష్ణువు, కంఠంలో రుద్రుడు, అడుగున బ్రహ్మ, నడుమ మాతృగణాలు, కడుపులో సముద్రాలన్నీ, ఏడు దీవుల భూమి. చెయ్యి వేసి ఉంచేది ఇంత ప్రపంచం మీద. ఆ తర్వాత "ఆపో వా ఇదగ్ం సర్వం". ఇదంతా నీరే, సకల భూతాలూ నీరే, ప్రాణాలు నీరే, పశువులు నీరే, అన్నం నీరే అంటుంది మంత్రం. ఇక్కడ దయచేసి తొందరపడకండి. చేతి కింద ఉన్న నీళ్లూ ఒంట్లో తిరిగే నీళ్లూ ఒకటేనన్న భావన నిలవాలంటే ఒక్కో మాటకూ ఒక్క ఊపిరి ఆగితే చాలు. చివర "గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి, నర్మదే సింధు కావేరి జలేస్మిన్ సన్నిధిం కురు" అని 7 నదులను పిలిచి, పువ్వుతో ఆ నీటిని దేవుడి మీద, పూజాద్రవ్యాల మీద, మీ మీద చల్లుకోవాలి.

తీర్థం ఏ నీళ్లతో ఇవ్వాలన్న దగ్గర పొరపాటు ఎక్కువ. నాణెం, కుంకుమ వేసిన కలశం నీళ్లు తాగడానికి కాదు. తీర్థానికి వేరే గిన్నెలో శుభ్రమైన నీళ్లు, తులసి, చిటికెలో సగం పచ్చకర్పూరం చాలు. హారతి కర్పూరం మాత్రం ఎప్పుడూ వేయకూడదు, అది కడుపులోకి వెళితే విషం. పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త.

ఉద్వాసనకు, అంటే పూజ అయ్యాక దేవుడిని సాగనంపడానికి, "యథాస్థానం ప్రవేశయామి" అని కలశాన్ని కొద్దిగా కదిపి, కాయ, ఆకులు, నాణెం తీయండి. మామిడాకుతో ఇల్లంతా చల్లాక మిగిలిన నీళ్లు సింకులో పారబోయకండి. ప్రాణులన్నీ నీరేనని చదివిన నోటితో ఆ నీటిని మురుగులో కలపడం సరికాదు. చెట్ల మొదళ్లకు పోయాలి. కుండీలో తులసి ఉంటే లీటరంతా దానికే పోయకండి. వేళ్లు కుళ్లుతాయి. ఒక గ్లాసు పోసి, మిగతాది వేరే మొక్కలకు పంచండి.