మనిషి ఎక్కగానే ట్రెడ్‌మిల్ ఆగిపోతోందా? బోర్డు మార్చేముందు బెల్టు కింద చూడండి

ఖాళీగా ఉంటే చక్కగా తిరుగుతుంది. మనిషి ఎక్కి నాలుగడుగులు వేసేసరికి బెల్టు తడబడి, ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. బరంపురంలోనైనా పర్లాకిమిడిలోనైనా జిమ్ము వాళ్లు వెంటనే అనే మాట, "బోర్డు (మోటారును నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు) పోయింది". కొత్తది వేయిస్తారు. కొన్నాళ్లకు అదీ కాలుతుంది.

చాలాసార్లు తప్పు బోర్డుది కాదు. బెల్టుకీ, దాని కింద ఉండే పలక అయిన డెక్కుకీ మధ్య సిలికాన్ ఆయిల్ ఆరిపోతే రాపిడి పెరుగుతుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ వేడికి బోర్డు బలవుతుంది. ఖాళీగా తిప్పి చూస్తే ఇది సరిగా బయటపడదు, ఎందుకంటే బెల్టును డెక్కుకి అదిమేది మనిషి బరువే.

ప్లగ్గు తీసి, బెల్టు అంచు ఎత్తి, అడుగులు పడే చోటి దాకా చెయ్యి పెట్టండి. వేళ్లకు పల్చగా జిడ్డు తగలాలి. పొడిగా ఉంటే ఆయిల్ వేయాలి. బెల్టు అడుగున గుడ్డ అరిగి గాజులా మెరుస్తుంటే ఆయిల్‌తో పని జరగదు, బెల్టు మార్చాల్సిందే. డెక్కు మీద గాడి పడితే అదీ మార్చాలి. రెండు వైపులా వాడుకునే డెక్కయితే తిరగేయవచ్చు.

ఆయిల్ వేయడానికి వెనక రోలర్ బోల్టులు రెండూ సమానంగా వదులు చేయండి, ఎన్ని చుట్లో రాసుకోండి. డెక్కును పొడిగుడ్డతో తుడిచి, అటు 15, ఇటు 15 మిల్లీలీటర్ల అచ్చమైన సిలికాన్ ఆయిల్ పోయండి. అన్నే చుట్లు బిగించి, నెమ్మది వేగంలో 5 నిమిషాలు బెల్టు వెడల్పంతా కాలు పడేలా నడవండి. కొబ్బరినూనె, గ్రీజు, తుప్పు వదిలించే స్ప్రే దగ్గరికి కూడా రానివ్వకండి. కంపెనీలోనే మైనం పూత వేసిన డెక్కులకు ఆయిలే వద్దు, మాన్యువల్ చూడండి.

తేడా కళ్లతో చూడాలంటే, ఎంత కరెంటు లాగుతోందో చూపే క్లాంప్ మీటర్ ఫేజు తీగ ఒక్కదానికే వేసి, అదే మనిషిని అదే వేగంలో ఆయిల్‌కు ముందూ తర్వాతా నడిపించండి.

బెల్టు జారుతోందని బోల్టులు బిగిస్తూ పోవడం ఇంకో పొరపాటు. బేరింగులు పోతాయి. మొదట హుడ్ (మోటారు మీది మూత) తీసి చూడండి: ముందు రోలర్ తిరుగుతూ బెల్టు ఆగితే బెల్టు వదులు, పావు చుట్టు చొప్పున బిగించండి. మోటారు తిరుగుతూ రోలరే ఆగితే మోటారునూ రోలర్‌నూ కలిపే మోటారు బెల్టు వదులు.

సాయంత్రాలే ఆగుతుంటే, మనిషి పరిగెత్తుతుండగా సాకెట్ దగ్గర వోల్టేజి కొలవండి. 230 వోల్టులకు బాగా కిందికి పడితే ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి విడిగా 16 ఆంపియర్ల లైను వేయించండి. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పుపట్టి ఇలాగే చేస్తాయి, ఊడదీసి తుడిస్తే చాలు. స్పీడ్ సెన్సర్ (వేగం కొలిచేది), కార్బన్ బ్రష్షులు (మోటారు లోపలికి కరెంటు అందించే ముక్కలు) కూడా కారణం కావచ్చు. వీటన్నిటి తర్వాతే వాటి జోలికి వెళ్లండి.