మందుమొక్క ఎంతవరకు భద్రం? – పాఠం 4: తొలి మోతాదు

పోయిన పాఠంలో తిప్పతీగ కాండాన్ని ఎండబెట్టి, నీళ్లలో మరిగించి సారం తీసేదాకా వచ్చాం. ఇప్పుడు దాన్ని ఎలుకకు పట్టించాలి. కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రానిదే పంజరం తలుపు తీయొద్దు.

నల్గొండ, పాలమూరు పల్లెల్లో ఎవరినడిగినా "మా తాతల కాలం నుంచి తాగుతున్నం, ఏం కాదు" అంటారు. నిజమే కావచ్చు. కానీ తాత తాగింది గ్లాసుడు కషాయం, మన దగ్గరున్నది చిక్కబరిచిన సారం. కరోనా కాలంలో తిప్పతీగ వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిందని ముంబై వైద్యులు రాశారు, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. అందుకే పరీక్ష.

మనం వాడేది ఓఈసీడీ 423 పద్ధతి, అంటే ఒక్క మోతాదు ఎంత విషమో విడతలవారీగా చూసే అంతర్జాతీయ పరీక్షా విధానం. ఒక్కో విడతకు మూడు ఎలుకలు, మామూలుగా ఆడవే. ముందు రాత్రి మేత తీసేయాలి, నీళ్లు మాత్రం ఉంచాలి. ముందస్తు సమాచారం లేకపోతే కిలోకు 300 మి.గ్రా.తో మొదలుపెడతాం. రెండో మూడో చనిపోతే 50కి దిగుతాం, లేదంటే అదే మోతాదు మరో మూడింటికి.

లెక్క చూడండి. ఎలుక బరువు 180 గ్రాములు. 300 × 0.18 = 54 మి.గ్రా. మిల్లీలీటరుకు 30 మి.గ్రా. ఉండేలా కలిపితే 1.8 మి.లీ. పట్టాలి. 100 గ్రాముల బరువుకు 1 మి.లీ. మించకూడదు కాబట్టి సరిగ్గా హద్దులో ఉన్నాం. 300కి ఎలుకలు తట్టుకుని, కిలోకు 2000 మి.గ్రా. మోతాదుకు వెళ్తే ఇదే పరిమాణంలో 360 మి.గ్రా. కలపాలి, చిక్కబడి సూదిలో ఇరుక్కుంటుంది. నీటి ద్రావణానికి 100 గ్రాముల బరువుకు 2 మి.లీ. దాకా వీలుంది కాబట్టి అక్కడ పలుచన చేసుకుని 3.6 మి.లీ. పట్టండి.

గావేజ్ సూదిని (మందును నోటి గుండా నేరుగా పొట్టలోకి పంపే మొద్దు మొన సూది) ఎలుక పక్కన పెట్టి, నోటి నుంచి చివరి పక్కటెముక దాకా కొలిచి గుర్తు పెట్టుకోండి. సూది దానంతటది జారాలి. అడ్డం తగిలినా, ఎలుక ఎగశ్వాస పెట్టినా వెంటనే తీసేయండి. మందు ఊపిరితిత్తుల్లోకి పోయి ఎలుక చస్తే, ఆ నేరం మొక్క మీద పడుతుంది. చనిపోయిన ప్రతి ఎలుకనూ కోసి చూడమనేది అందుకే.

పట్టించాక మొదటి అరగంట కదలొద్దు. నాలుగు గంటలదాకా గట్టి నిఘా, ఆపైన రోజూ చూస్తూ 14 రోజులు. వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, చొంగ, వణుకు, విరేచనాలు, మగత: ఏది కనిపించినా గంటా నిమిషంతో రాయండి. గది 22 డిగ్రీలకు మూడు అటూ ఇటూగా ఉండాలి. మే నెలలో మన దగ్గర కరెంటు పోతే ఏసీ కథ తెలిసిందేగా. వేడికి సోలిన ఎలుకను మందుకు సోలిందని రాసేస్తారు, టెంపరేచర్ కూడా పక్కనే నమోదు చేయండి.

2000 దాకా ఏదీ చావలేదంటే మొక్క భద్రమని కాదు, ఒక్కసారి తింటే చంపలేదని మాత్రమే. రోజూ పట్టించే 28 రోజుల పరీక్ష వచ్చే పాఠంలో.

అభ్యాసం: మూడు ఎలుకల బరువులు 150, 165, 225 గ్రాములు. సగటుకు 20 శాతం లోపు తేడా ఉన్నవే తీసుకోవాలి. ఏది పనికిరాదు? మిగతా రెండింటికి 300 మోతాదులో, మిల్లీలీటరుకు 30 మి.గ్రా. ఉన్న అదే ద్రావణం ఎన్ని మి.లీ. పట్టాలి?